క్యూబ్ పగలకముందే: కాంక్రీట్ మీద మీ మొదటి ప్రయోగం ఎలా చేయాలి

కాంక్రీట్ మీద ప్రాజెక్ట్ అనగానే అందరి కళ్ళూ టెస్టింగ్ మెషిన్ మీదే ఉంటాయి. గట్టిపడ్డ కాంక్రీట్ క్యూబ్ (ఘనాకారపు దిమ్మ) పెడతాం, లోడ్ పెంచుతాం, ఫట్‌మని పగులుతుంది, తెర మీద ఒక నంబర్ వస్తుంది. అంతా కలిపి నిమిషం పని. ఆ నంబర్ నమ్మదగ్గదా కాదా అన్నది మాత్రం అంతకు 28 రోజుల ముందే, మిక్సర్ పక్కన ఇసుక తూచేటప్పుడే తేలిపోయి ఉంటుంది.

నా మొదటి ప్రాజెక్ట్‌లో ఈ సంగతి నాకు తెలియదు. సిమెంటు కొంత తగ్గించి, ఆ చోట ఫ్లై యాష్ (థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాల్చాక వచ్చే మెత్తటి బూడిద) కలిపితే బలం ఎంత మారుతుందో చూద్దామనుకున్నాను. ఒక రోజు మామూలు మిక్స్ పోశాను. నాలుగు రోజుల తర్వాత ఫ్లై యాష్ మిక్స్ పోశాను. మధ్యలో వాన పడింది, ఇసుక కుప్ప ఆరుబయటే ఉంది. ఫ్లై యాష్ క్యూబ్‌లు ఘోరంగా వచ్చాయి. ఎందుకలా వచ్చాయో వివరిస్తూ రెండు పేజీల సిద్ధాంతం కూడా రాసుకున్నాను. తర్వాత ఎండబెట్టిన ఇసుకతో మళ్ళీ పోస్తే తేడా సగానికి సగం పోయింది. నేను కొలిచిందాంట్లో సగం ఫ్లై యాష్, సగం వాన!

అదే ప్రయోగాన్ని ఈసారి సరిగ్గా ఎలా చేయాలో చెబుతాను. మీ పదార్థం ఇటుక కావచ్చు, సున్నం గార కావచ్చు, సిమెంటు లేకుండా గట్టిపడే జియోపాలిమర్ కావచ్చు. అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ప్రశ్నను కుదించండి

"ఫ్లై యాష్ కాంక్రీట్ మీద అధ్యయనం" అన్నది ప్రశ్న కాదు, ఫైలు మీద రాసుకునే పేరు. ప్రశ్న ఇలా ఉండాలి: నీళ్ళూ, సిమెంటు ఫ్లై యాష్‌ల మొత్తం బరువూ మార్చకుండా, సిమెంటు బరువులో 30 శాతం తీసేసి ఆ బరువుకి ఫ్లై యాష్ వేస్తే, 28, 56, 91 రోజులకు క్యూబ్ బలం ఎంత మారుతుంది? ఏం మారుస్తున్నారు, ఏం కదలనివ్వడం లేదు, ఏం కొలుస్తున్నారు, ఎప్పుడు కొలుస్తున్నారు అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి. ఒక్కటి లేకపోయినా మిక్సర్ దగ్గరికి వెళ్ళొద్దు.

రోజుల సంగతి ఎందుకంత ముఖ్యమంటే, సిమెంటు నీళ్ళతో కలిసినప్పుడు గట్టిపడే జిగురుతో పాటు కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా పుడుతుంది. ఫ్లై యాష్‌లోని గాజులాంటి సిలికా ఆ కాల్షియం హైడ్రాక్సైడ్‌తోనే చర్య జరిపి మరికొంత జిగురు తయారుచేస్తుంది. అంటే ముందు సిమెంటు పని జరగాలి, ఆ తర్వాతే ఫ్లై యాష్ వంతు. అదీ నిదానంగా. 7 రోజులకే పగలగొట్టి "బలం తగ్గింది" అని రాస్తే, ఇంకా మొదలే కాని పనికి మార్కులు వేసినట్టు.

ఈ ప్రశ్న వెనక ఒక బరువైన కారణం ఉంది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాల్చితే అందులోంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. ఇది రాయిలోంచి వచ్చేది మాత్రమే, కొలిమి ఇంధనం లెక్క వేరే. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీదే. కాబట్టి సిమెంటు తగ్గించే ప్రతి ప్రశ్నా అడగదగ్గదే. రిపోర్ట్ ముందుమాటలో మూడు పేజీలు దీనికే ఖర్చు పెట్టకండి, రెండు వాక్యాలు చాలు.

కుదించేటప్పుడు ఒక మెలిక చూసుకోండి. "బరువుకి బరువు" మార్చడం అమాయకంగా కనిపిస్తుంది గానీ, సిమెంటు సాంద్రత నీటికి 3.15 రెట్లు, ఫ్లై యాష్‌ది మామూలుగా 2.0 నుంచి 2.4 రెట్లే. ఘనపు మీటరుకు 340 కిలోల సిమెంటు ఉన్న మిక్స్‌లో 30 శాతమంటే 102 కిలోలు. అంత సిమెంటు 32 లీటర్ల చోటు తీసుకుంటుంది. అదే బరువు ఫ్లై యాష్, సాంద్రత 2.2 అనుకుంటే, 46 లీటర్లు తీసుకుంటుంది. ఈ 14 లీటర్లు ఎక్కడి నుంచి తగ్గిస్తారు? ఇసుకలోంచి అయితే దాదాపు 37 కిలోల ఇసుక తగ్గాలి. తగ్గించకపోతే మీ మిక్స్ ఘనపు మీటరు దాటిపోయి, అందులో సిమెంటు, నీళ్ళు అన్నీ కొంచెం పలచనైపోతాయి. ఏది చేసినా ఫరవాలేదు. ఏది చేశారో రాయకపోవడమే తప్పు.

చదవడం కొద్దిగా, జాగ్రత్తగా

ఒక మంచి రివ్యూ పేపర్ పట్టుకోండి. దాని చివర ఉన్న జాబితా నుంచి నాలుగైదు ప్రయోగ పేపర్లు తీయండి. ఒక్కోదాంట్లో సారాంశం చదివి ఆగిపోకుండా నేరుగా పద్ధతి రాసిన భాగానికి వెళ్ళండి. ఎన్ని నమూనాలు? ఏ ఆకారం? ఏ ఉష్ణోగ్రతలో నానబెట్టారు? పగలగొట్టింది ఎన్నో రోజున? ఇవి లేని పేపర్‌లోని గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

అంకెలు పోల్చేటప్పుడు ఒక గోతిలో పడతారు, నేనూ పడ్డాను. ఒకరు 150 ఎంఎం వ్యాసం, 300 ఎంఎం ఎత్తు ఉన్న సిలిండర్ పగలగొడతారు, ఇంకొకరు 150 ఎంఎం క్యూబ్ పగలగొడతారు. అదే కాంక్రీట్ సిలిండర్‌గా పోస్తే క్యూబ్ బలంలో సుమారు 80 శాతమే చూపిస్తుంది. మెషిన్ పలకలకూ కాంక్రీట్‌కూ మధ్య రాపిడి ఉంటుంది. అది నమూనా కొసల్ని పక్కకు ఉబ్బకుండా పట్టి ఉంచుతుంది. పొట్టిగా ఉన్న క్యూబ్‌లో ఆ పట్టు దాదాపు అంతటా పాకుతుంది, పొడవాటి సిలిండర్ నడిమి భాగానికి అది చేరదు. నానబెట్టే ఉష్ణోగ్రతలూ అంతే. యూరోపియన్ ప్రమాణం 20 డిగ్రీలంటుంది, అమెరికన్ ఏఎస్‌టీఎం 23 అంటుంది, భారతీయ ప్రమాణం 27 అంటుంది. ఏదో ఒక ప్రమాణం ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకోండి. ఒకదాంట్లోంచి మోల్డ్, ఇంకోదాంట్లోంచి లోడింగ్ వేగం తెచ్చి అతికించొద్దు.

కాగితం మీద మొత్తం ప్రయోగం చేసేయండి

ఎన్ని క్యూబ్‌లు పోయాలి? చాలామంది "మూడు" అంటారు. ప్రమాణాలు మూడు అంటాయి కదా అని. సైట్‌లో కాంక్రీట్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి మూడు సరిపోతాయి. రెండు మిక్స్‌లలో ఏది మేలో తేల్చడానికి ఒకే బ్యాచ్‌లో తీసిన మూడు సరిపోవు.

ఎందుకంటే ఒకే బ్యాచ్‌లోంచి తీసిన మూడు క్యూబ్‌లు ఒకే నీళ్ళూ ఒకే ఇసుకా పంచుకున్న తోబుట్టువులు. నీళ్ళు కొలవడంలో మీరు పొరబడితే ముగ్గురూ కలిసే పొరబడతారు, పైగా ముగ్గురి మాటా ఒక్కటిగా ఉండేసరికి మీకు ధైర్యం వస్తుంది. మిక్స్‌ని మళ్ళీ మొదటి నుంచి తూచి, కలిపి, పోస్తేనే అది రెండో సాక్ష్యం. అందుకని ఒక్కో మిక్స్‌కి కనీసం మూడు వేర్వేరు బ్యాచ్‌లు పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క వేయండి. 2 మిక్స్‌లు, ఒక్కోదానికి 3 బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్‌కి 3 వయసులు, వయసుకి 3 క్యూబ్‌లు. మొత్తం 54. ఒక్కో 150 ఎంఎం క్యూబ్ 3.375 లీటర్లు, బరువు దాదాపు 8 కిలోలు. మొత్తం 440 కిలోల దాకా అవుతుంది. ట్యాంక్‌లో చోటుందా? ఒక రోజుకి 18 మోల్డ్‌లు దొరుకుతాయా? లేకపోతే 100 ఎంఎం క్యూబ్‌లకు వెళ్ళండి, ఒక్కోటి లీటరే, 20 ఎంఎం కంకర దాకా బాగానే పనిచేస్తాయి. క్యూబ్ సైజు తగ్గించండి గానీ బ్యాచ్‌ల సంఖ్య తగ్గించకండి.

పోసే రోజు మంగళవారం పెట్టుకోండి. నవ్వకండి, దీనికి కారణం ఉంది. 28, 56 రెండూ ఏడుతో భాగిస్తే నిశ్శేషం. కాబట్టి మంగళవారం పోసినవి మంగళవారమే పరీక్షకు వస్తాయి, బుధవారం మోల్డ్ విప్పుతారు, సోమవారమంతా సామాను సిద్ధం చేసుకోవచ్చు. 90 రోజులని రాస్తే అది సోమవారం పడుతుంది, అందుకే 91 అన్నాను. శుక్రవారం పోస్తే మోల్డ్ విప్పడానికి శనివారం ల్యాబ్ తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో వెతుక్కోవాలి. వరసగా మూడు మంగళవారాలు పోస్తే మొదటి కాస్టింగ్ నుంచి చివరి క్యూబ్ పగిలేదాకా 15 వారాలు. గడువు అంతకన్నా తక్కువైతే 91 రోజుల ప్రశ్న ఇప్పుడే వదులుకోండి, మధ్యలో కాదు.

రెండు మిక్స్‌లూ ఒకే రోజు పోయండి. ఏది ముందో నాణెం ఎగరేసి తేల్చండి. ప్రతిసారీ మామూలు మిక్స్ పొద్దున్నా ఫ్లై యాష్ మిక్స్ మధ్యాహ్నం ఎండలోనూ పోస్తే, ఎండ చేసిన పని కూడా ఫ్లై యాష్ ఖాతాలో పడుతుంది.

ఇసుకలో దాక్కున్న నీళ్ళు

మొత్తం గైడ్‌లో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

1918లో షికాగోలో డఫ్ ఏబ్రమ్స్ పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసి తేల్చిన విషయం ఇప్పటికీ నిలబడే ఉంది. బాగా కుదించిన కాంక్రీట్ బలాన్ని అన్నిటికన్నా ఎక్కువగా శాసించేది నీటికీ సిమెంటుకీ ఉన్న నిష్పత్తి. నీళ్ళు పెరిగేకొద్దీ బలం పడిపోతుంది. ఆ నిష్పత్తిలో నీళ్ళంటే మీరు బకెట్‌తో పోసినవి మాత్రమే కాదు, ఇసుక వెంట వచ్చినవి కూడా.

మన మిక్స్ చూడండి: 340 కిలోల సిమెంటు, 170 లీటర్ల నీళ్ళు, 700 కిలోల ఇసుక. నిష్పత్తి 170 ÷ 340 = 0.50. ఇసుకలో 4 శాతం పై తడి ఉందనుకోండి. చేత్తో పట్టుకుంటే కాస్త చల్లగా తగులుతుంది, అంతే. మీరు ఆ తడి ఇసుకే 700 కిలోలు తూచి, 170 లీటర్లూ పోశారు. ఇసుకతో పాటు 27 లీటర్లు లోపలికి వచ్చాయి. అసలు నీళ్ళు 197 లీటర్లు, నిష్పత్తి 0.58. బలం పది పదిహేను శాతం పడిపోవడానికి అది చాలు. అంత తేడా చూపించే ఫ్లై యాష్ ప్రయోగాలు బోలెడు. వాన చేసిన పనికి యాష్‌ని నిందించడం ఎంత తేలికో చూడండి.

కొలిచే పద్ధతి కష్టమేం కాదు. కుప్ప పైపొర పక్కకు తోసి, లోపలి నుంచి నాలుగు చోట్ల ఇసుక తీసి కలపండి. అందులోంచి 500 గ్రాములు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇంక తగ్గదు అనేదాకా ఆరబెట్టండి. 476 గ్రాములు మిగిలిందనుకుందాం. పోయిన తడి 24 గ్రాములు. దాన్ని 476తో భాగించాలి, 500తో కాదు. 5 శాతం వస్తుంది. ఇందులో కొంత ఇసుక రేణువుల లోపలి రంధ్రాల్లో ఉండేది, అది మిక్స్‌లోకి రాదు. ఇసుక పీల్చుకునే గుణం 1 శాతమైతే, పై తడి 4 శాతం. రేణువు లోపల నీళ్ళు నిండి పైన తడి లేని స్థితిని ల్యాబ్‌లో ఎస్‌ఎస్‌డి అంటారు. మిక్స్ డిజైన్‌లో ఉండే ఇసుక బరువు మామూలుగా ఆ స్థితిలోదే.

కాబట్టి తూచాల్సిన తడి ఇసుక సుమారు 728 కిలోలు, పోయాల్సిన నీళ్ళు 142 లీటర్లు. కంకరకూ ఇదే లెక్క వేయండి. మరీ ఎండిన కంకరైతే కథ తిరగబడుతుంది, అది మీ నీళ్ళు తాగేస్తుంది, అప్పుడు ఆ మేరకు నీళ్ళు ఎక్కువ పోయాలి.

ఇంకా తేలిక మార్గం ఉంది. మొత్తం ప్రయోగానికి సరిపడా ఇసుక ఒకేసారి తెచ్చి, ఆరబెట్టి, బాగా కలిపి, మూతలున్న డ్రమ్ముల్లో పెట్టేయండి. పీల్చుకునే నీళ్ళు ఎంతో లెక్కేసి అదనంగా పోయండి. ఒక రోజు ఒళ్ళు నొప్పులు, తర్వాత 15 వారాలు టెన్షన్ ఉండదు. సిమెంటూ ఫ్లై యాష్ కూడా ఒకే లాట్‌లోవి తెచ్చి గాలి తగలకుండా దాచండి.

కలపడం, పోయడం

9 క్యూబ్‌లకు 30 లీటర్లు కావాలి. అంటుకుపోయేది, స్లంప్ పరీక్షకు (తడి కాంక్రీట్ కోన్ తీసేశాక ఎంత జారుతుందో చూసేది) పోయేది కలుపుకుని 35 లీటర్లు చేయండి. అంత బ్యాచ్‌కి నీళ్ళు 6 లీటర్లే. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే మిక్స్ కాస్త బిగుసుగా కనబడగానే పక్కనున్నవాళ్ళు "ఒక గ్లాసు నీళ్ళు పోయరాదూ" అంటారు. ఒక గ్లాసు అంటే 200 మిల్లీలీటర్లు, అంటే మీ నీళ్ళలో మూడు శాతానికి పైనే. నిష్పత్తి 0.50 నుంచి దాదాపు 0.52కి జరిగిపోతుంది. సైట్ మీద అది అలవాటు, ప్రయోగంలో అది దొంగతనం. పోయకండి. తక్కెడ మీద తూచిన నీళ్ళే, చివరి బొట్టుదాకా.

స్లంప్ ఎంత వచ్చిందో అంత రాయండి. కోన్ ఎత్తు 300 ఎంఎం, మూడు పొరలుగా నింపి ఒక్కో పొరకు 25 పోట్లు, తర్వాత నిటారుగా పైకి లాగాలి. ఫ్లై యాష్ రేణువులు చాలావరకు గుండ్రంగా ఉంటాయి, అందుకే ఆ మిక్స్ తరచుగా కాస్త ఎక్కువ జారుతుంది. కంగారుపడి నీళ్ళు తగ్గించొద్దు. నా మొదటి ప్రాజెక్ట్‌లో నన్ను మోసం చేసింది సరిగ్గా ఇదే. స్లంప్ పెరిగింది, "యాష్ మహిమ" అనుకున్నాను, వాన గుర్తుకే రాలేదు.

మోల్డ్‌లకు పల్చగా నూనె రాసి పొరలు పొరలుగా నింపి కుదించండి. లోపల మిగిలిన గాలి ఒక్క శాతానికి బలం సుమారు 5 శాతం పోతుంది. టాంపింగ్ రాడ్ (పొడిచి కుదించే కడ్డీ) వాడితే అన్నిటికీ రాడ్, వైబ్రేటర్ వాడితే అన్నిటికీ అంతే సమయం. తొమ్మిది క్యూబ్‌లూ ఒక్కరే పోయడం మంచిది. చివరికొచ్చేసరికి చేతులు అలిసి పోట్లు మెత్తబడతాయి కాబట్టి, ఏ మోల్డ్ ఏ వయసుకు అన్నది వరసలో ఇవ్వకుండా చీటీలు తీయండి.

క్యూబ్ మీద "ఫ్లై యాష్" అని రాయకండి. ఏదో ఒక కోడ్ వేసి, కోడ్ అర్థం నోట్‌బుక్‌లో వేరే చోట రాసుకోండి. పగలగొట్టేటప్పుడు మన చేతిలో ఉన్నది ఏ మిక్సో తెలిస్తే, లోడ్ పడిపోయిన క్షణంలో మన మనసు ఎటో ఒకవైపు మొగ్గుతుంది.

పొడి సిమెంటు, ఫ్లై యాష్ తూచేటప్పుడు మాస్క్ వేసుకోండి. తడి సిమెంటు పీహెచ్ 12 దాటుతుంది, చేతికి అప్పుడే మంట తెలియదు, రాత్రికి తెలుస్తుంది. గ్లవ్స్ తప్పనిసరి.

నానబెట్టడం

పోసిన క్యూబ్‌ల మీద తడి గోనె, దాని మీద ప్లాస్టిక్ షీట్. మర్నాడు మోల్డ్ విప్పి ట్యాంక్‌లోకి. రెండు మిక్స్‌లూ ఒకే ట్యాంక్‌లో, కలగలిపి పెట్టండి. ఒకటి ఎండ తగిలే గోడవైపూ ఇంకొకటి నీడలోనూ ఉంటే మళ్ళీ అదే గొడవ. నీటి ఉష్ణోగ్రత రోజూ ఒకే వేళకు చూసి రాయండి. ఫ్లై యాష్ చర్య ఉష్ణోగ్రతకు బాగా స్పందిస్తుంది, వేడెక్కిన ట్యాంక్ దానికి అనుకోని సాయం చేసినట్టే.

పగలగొట్టే రోజు

మెషిన్ కాలిబ్రేషన్ తేదీ చూసి నోట్‌బుక్‌లో రాయండి. క్యూబ్‌ని ట్యాంక్‌లోంచి తీశాక ఉపరితలం తుడిచి, తడిగా ఉండగానే పరీక్షించాలి. ఆరిన క్యూబ్ తడి క్యూబ్ కన్నా ఎక్కువ బలం చూపిస్తుంది. టీకి వెళ్ళొచ్చి పగలగొడితే ఫలితం మారిపోతుంది.

ముందు ప్రతి క్యూబ్‌నీ తూచండి, భుజాలు కొలవండి. చాలామంది వదిలేసే పని ఇది, కానీ అర నిమిషంలో అయిపోతుంది. తోబుట్టువుల కన్నా రెండు శాతం తేలికగా ఉన్న క్యూబ్, లోపల గాలి ఉందని పగలకముందే చెబుతోంది. తర్వాత బలం తక్కువ వస్తే కారణం చేతిలో ఉంటుంది.

తాపీతో సాఫు చేసిన ముఖం పలకలకు తగలకూడదు. దాన్ని పక్కకు తిప్పి, మోల్డ్‌కి ఆనిన నున్నటి ముఖాలను పైకీ కిందకీ పెట్టండి. పలకల మీద పాత కాంక్రీట్ నలుసులు లేకుండా తుడవండి. క్యూబ్ సరిగ్గా నడిమధ్యన ఉండాలి.

లోడ్ వేగం యూరోపియన్ పద్ధతిలో సెకనుకు 0.6 మెగాపాస్కల్ (ఒక మెగాపాస్కల్ అంటే చదరపు ఎంఎంకి ఒక న్యూటన్). 150 ఎంఎం క్యూబ్ ముఖం 22,500 చదరపు ఎంఎం, కాబట్టి సెకనుకు 13.5 కిలోన్యూటన్లు. 30 మెగాపాస్కల్ కాంక్రీట్ 50 సెకన్లలో పగలాలి. గడియారం చూడండి. 20 సెకన్లలో పగిలితే వేగం ఎక్కువైంది, వేగంగా లోడ్ చేస్తే బలం ఎక్కువ చూపిస్తుంది. 675 కిలోన్యూటన్ల దగ్గర పగిలితే 675,000 ÷ 22,500 = 30 మెగాపాస్కల్.

పగిలిన ఆకారం ఫొటో తీయండి. సరిగ్గా పగిలిన క్యూబ్ నాలుగు పక్కలా ఊడిపోయి, నడుము సన్నగా, ఇసుక గడియారంలా మిగులుతుంది. ఒక పక్కే చీలితే, ఒక మూల నలిగితే, లోడ్ సమంగా పడలేదని అర్థం. అలాంటి క్యూబ్‌ని లెక్కలోంచి తీసేయాలా వద్దా అన్న నియమం పరీక్షకు ముందే రాసి పెట్టుకోండి. నంబర్ చూశాక పెట్టుకున్న నియమం నియమం కాదు.

అంకెల్ని ఎంతవరకు నమ్మాలి

ఒక బ్యాచ్‌లో మూడు క్యూబ్‌లు 31.2, 33.0, 34.8 మెగాపాస్కల్ ఇచ్చాయనుకోండి. సగటు 33.0, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 1.8. చాలా రిపోర్టులు ఇక్కడే ఆగిపోతాయి. మూడే కొలతలు ఉన్నప్పుడు 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 1.8ని మూడుకి వర్గమూలమైన 1.732తో భాగించి 4.303తో హెచ్చవేయాలి. 4.5 వస్తుంది. అంటే మీరు చెప్పగలిగింది "28.5 నుంచి 37.5 మధ్య ఎక్కడో". చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ నిజం అదే. అదే డీవియేషన్‌తో ఆరు క్యూబ్‌లుంటే ఆ 4.5 కాస్తా 1.9కి దిగుతుంది.

ఈ 4.303 మనకు ఇచ్చినాయన విలియం గోసెట్. గిన్నెస్ బీరు తయారీలో పనిచేస్తూ, కొద్దిపాటి నమూనాలతో నమ్మకంగా ఎలా మాట్లాడాలా అని తల బద్దలుకొట్టుకుని 1908లో "స్టూడెంట్" అన్న మారుపేరుతో ప్రచురించాడు. బార్లీ అయినా కాంక్రీట్ అయినా చేతిలో నమూనాలు ఎప్పుడూ తక్కువే.

ఇప్పుడు మూడు బ్యాచ్‌ల ప్లాన్ ఎంత మేలు చేస్తుందో చూడండి. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి. మొదటి మంగళవారం మామూలు మిక్స్ సగటు 36.1, ఫ్లై యాష్‌ది 30.2. రెండో వారం 34.7, 29.9. మూడో వారం 37.2, 31.5. వారం వారానికి అన్నీ పైకీ కిందకీ ఊగుతున్నాయి, కానీ ఒకే రోజు పోసిన జంటల మధ్య తేడాలు 5.9, 4.8, 5.7. వీటి సగటు 5.5, పైన చెప్పిన లెక్కతో అటూ ఇటూ 1.5. ఆ రోజు ఎండ, తేమ, చేతివాటం రెండు మిక్స్‌లకూ సమానంగా తగిలి తీసివేతలో కొట్టుకుపోయాయి. 28 రోజులకు తగ్గుదల నిజమే అని ఇప్పుడు ధైర్యంగా రాయొచ్చు. 91 రోజులకు ఆ తేడా ఎంత మిగిలిందన్నదే అసలు కథ.

మైక్రోస్కోప్ ఎప్పుడు

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో ఒకటి పెడితే రిపోర్ట్ బరువు పెరుగుతుందని అందరికీ ఆశ. 5,000 రెట్లు పెద్దది చేసిన చోట మీకు కనిపించేది వెంట్రుక మందంలో ముక్క. ఏం చూపించాలనుకుంటే అది ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఫ్లై యాష్ నిజంగా పనిచేస్తోందా అన్న ప్రశ్నకు దానికన్నా థర్మోగ్రావిమెట్రీ మేలు. పొడిని వేడిచేస్తూ బరువు చూస్తారు. కాల్షియం హైడ్రాక్సైడ్ సుమారు 400 నుంచి 500 డిగ్రీల మధ్య విడిపోయి నీటిని వదులుతుంది. అక్కడ తగ్గిన బరువుని బట్టి అది ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఫ్లై యాష్ మిక్స్‌లో సిమెంటు తక్కువ కాబట్టి అది ఎలాగూ కొంత తక్కువే ఉంటుంది, అందుకని గ్రాము సిమెంటుకి ఎంత అని లెక్కేసి పోల్చండి. 28కీ 91కీ మధ్య అది తగ్గుతూ పోతే, యాష్ దాన్ని తింటోందన్నమాట. పగిలిన క్యూబ్ ముక్కని ఐసోప్రొపనాల్‌లో వేసి చర్య ఆపేయడం మరవద్దు, లేకపోతే పరీక్ష వంతు వచ్చేదాకా ముక్క లోపల వయసు పెరుగుతూనే ఉంటుంది.

రాయడం

పద్ధతి భాగం ముందు రాయండి. అదీ మొదటి క్యూబ్ పగలకముందే, అన్నీ గుర్తున్నప్పుడే. సగటు చుట్టూ ఉన్న అనిశ్చితిని గ్రాఫ్ మీద గీతలుగా చూపించండి. గ్రాఫ్ నిలువు అక్షం సున్నా నుంచి మొదలుపెట్టండి. 28 దగ్గర మొదలుపెడితే రెండు మెగాపాస్కల్ తేడా కొండలా కనిపిస్తుంది. తీసేసిన క్యూబ్‌లు ఉంటే ఎన్ని, ఎందుకో చెప్పండి.

కొలవని సంగతి గురించి తీర్పు ఇవ్వకండి. మీరు కొలిచింది నొక్కుడు బలం. ఉక్కు తుప్పు, సంకోచం, మంట తట్టుకోవడం గురించి ఆ క్యూబ్ ఏమీ అనలేదు. భవనానికి ఏ గుణం కావాలో ఎప్పుడూ బలం ఒక్కటే తేల్చదు. రోమ్‌లోని పాంథియన్ గుమ్మటం 43 మీటర్ల పైన వెడల్పుతో, లోపల ఉక్కు లేకుండా దాదాపు 1,900 ఏళ్ళుగా నిలబడి ఉంది. కట్టినవాళ్ళు పైకి పోయేకొద్దీ కాంక్రీట్‌లో తేలికపాటి రాయి వేస్తూ, శిఖరం దగ్గర ప్యూమిస్ (రంధ్రాలతో నిండిన తేలికైన అగ్నిపర్వత శిల) వాడారు. అక్కడ వాళ్ళకు కావలసింది గట్టిదనం కాదు, తక్కువ బరువు. మీ ఆర్కిటెక్ట్ మిత్రుడికి ఫలితం చూపించి "ఇది నీకు దేనికి పనికొస్తుంది?" అని అడిగి, ఆయన చెప్పిన దాన్ని బట్టి రెండో ప్రశ్న ఎంచుకోండి.

పగిలిన ముక్కల్ని పారేయకండి. కోడ్ రాసిన కవర్లలో వేసి రిపోర్ట్ ఆమోదం పొందేదాకా ఉంచండి. నావి అప్పట్లో చెత్తలో పోయాయి, అందుకే అంతా మళ్ళీ పోసి చూడాల్సి వచ్చింది. అప్పటి నుంచి నా నోట్‌బుక్‌లో ప్రతి కాస్టింగ్ పేజీ పైన మూడు గడులు ఉంటాయి: తేదీ, ఇసుక తడి శాతం, నిన్న వాన పడిందా.